రెండు పాత తెరచాప పడవలు, ఒక కొనుగోలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేమిద్దరం భార్యాభర్తలం. తీరం వెంట తెరచాప పడవ నడిపిన అనుభవం ఉంది. ఏడాది, రెండేళ్లు పడవ మీదే ఉంటూ తిరగాలని, వీలైతే ఒక మహాసముద్రం దాటాలని ఆలోచన. చూసీ చూసీ రెండు పాత పడవల దగ్గర ఆగాం. మొదటిది 1978 నాటిది. పొడవు 9.75 మీటర్లు, నీటిరేఖ దగ్గర పొడవు 7.6, వెడల్పు 3 మీటర్లు. బరువు 5,800 కిలోలు, అందులో బల్లాస్ట్, అంటే పడవను నిటారుగా నిలిపే అడుగు బరువు, 2,500. తెరచాపలు 50 చదరపు మీటర్లు. లాంగ్ కీల్, అంటే పడవ అడుగున పొడవునా సాగే వెన్ను; బల్లాస్ట్ దాని ఫైబర్‌గ్లాస్ లోపలే ఉంది. డెక్ మీద టేకు పలకలు. ఇంజన్ పదేళ్ల కిందట మార్చారు. రెండోది 2003లో కట్టింది. పొడవు 10.9, నీటిరేఖ దగ్గర 9.3, వెడల్పు 3.6 మీటర్లు. బరువు 6,000 కిలోలు, బల్లాస్ట్ 1,800. తెరచాపలు 58 చదరపు మీటర్లు. బోల్టులతో బిగించిన, రెక్కలా పొట్టిగా ఉండే ఫిన్ కీల్; ప్రొపెల్లర్ పడవ అడుగు నుంచి నేరుగా దిగిన కాలికి ఉండే సెయిల్‌డ్రైవ్; ఇంజన్ మొదటి నుంచీ ఉన్నదే. ధర మొదటిదానికి ఒకటిన్నర రెట్లు. మొదటిది గట్టిదని ఒకరు, రెండోది వెంటనే బయల్దేరొచ్చని ఇంకొకరు చెబుతున్నారు. వీటిని అసలు ఎలా పోల్చాలి?

జవాబు: పడవలో మార్చగలిగినవి కొన్ని, మార్చలేనివి కొన్ని. ఇంజన్, తెరచాపలు, వైరింగ్, పరుపులు మార్చుకోవచ్చు. అడుగు ఆకారం, కీల్ తీరు, బరువు, వెడల్పు మాత్రం కొన్నరోజు ఎలా ఉన్నాయో అమ్మేరోజూ అలాగే ఉంటాయి. కాబట్టి ముందు మార్చలేనివాటిని మీ ప్రయాణంతో సరిపోల్చండి. ఆ తరువాతే మార్చగలిగేవాటికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయండి. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. సముద్ర పటం చూపే కొత్త చార్ట్‌ప్లాటర్, మెరిసే వంటగది చూసి ముందు మనసు పడతారు, కీల్ గురించి తరువాత ఆలోచిస్తారు.

మీరిచ్చిన అంకెలతోనే మొదలుపెడదాం. నీటిరేఖ పొడవు వర్గమూలాన్ని మీటర్లలో తీసుకుని 2.43తో గుణిస్తే, నీటిని తోసుకుంటూ పడవ హాయిగా అందుకోగల గరిష్ఠ వేగం నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని, వస్తుంది. మొదటిదానికి 6.7, రెండోదానికి 7.4. రోజుల తరబడి సాగే ప్రయాణంలో సగటు ఇంతకంటే బాగా తక్కువే ఉంటుంది. మొదటిది 5 నాట్లు, రెండోది 6 నాట్లు పోయిందనుకుంటే రోజుకు 120, 144 నాటికల్ మైళ్లు. వెయ్యి మైళ్ల దూరానికి దాదాపు ఒకటిన్నర రోజు తేడా. వాతావరణ సూచన చూసుకుని బయల్దేరేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

తెరచాపల బలం తెలియాలంటే పడవ బరువును 1,025తో భాగించి ఘనమీటర్లు చేయండి. దాని ఘనమూలాన్ని వర్గం చేసి, తెరచాపల విస్తీర్ణాన్ని దానితో భాగించండి. మొదటిదానికి 15.7, రెండోదానికి 17.9 వస్తాయి. 15 కంటే తక్కువైతే చిన్న గాలికి పడవ కదలదు, ఇంజన్ మీద ఆధారపడాల్సిందే. 16 నుంచి 18 దాకా క్రూజింగ్, అంటే దూర విహారాల పడవకు సరైన చోటు. ఇక్కడో మెలిక ఉంది. బ్రోషర్‌లో రాసే బరువు ఖాళీ పడవది. 300 లీటర్ల నీళ్లు 300 కిలోలు, 150 లీటర్ల డీజిల్ 125 కిలోలు, 10 మిల్లీమీటర్ల లంగరు గొలుసు 60 మీటర్లు 135 కిలోల పైమాట. వాటి మీద తిండి, పనిముట్లు, బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్లు, రబ్బరు పడవ, దాని మోటారు కలిపితే వెయ్యి కిలోలు తేలిగ్గా ఎక్కుతాయి. ఆ వెయ్యి కలిపి మళ్లీ లెక్క వేస్తే మొదటిది 14.2కి, రెండోది 16.1కి దిగుతాయి. అంటే నిండుగా సరుకెక్కిన రెండో పడవ ఖాళీగా ఉన్న మొదటి పడవ కంటే చురుకే. గాలి పలచగా ఉండే చోట్ల తిరగాలనుకుంటే మొదటిదానికి పెద్ద తేలికపాటి ముందు తెరచాప ఒకటి కొనాలి. ఆ ఖర్చు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

బరువుకీ పొడవుకీ ఉన్న సంబంధం ఇంకో లెక్క. బరువును 1,016 కిలోల లాంగ్ టన్నుల్లోకి మార్చి, నీటిరేఖ పొడవును అడుగుల్లో తీసుకుని నూరుతో భాగించి ఘనం చేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. మీ పడవలకు 368, 208 వస్తాయి. మొదటిది బరువైన జాతి, రెండోది మధ్యరకం. ఎదురు అలల్లో ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. మొదటిది అలను కోసుకుంటూ నెమ్మదిగా లేచి దిగుతుంది. రెండోది వెడల్పైన, చదునైన ముందుభాగంతో అల మీద పడి దబదబలాడుతుంది. డిజైనర్ టెడ్ బ్రూవర్ సగం సరదాగా తయారుచేసిన కుదుపుల కొలత ఒకటుంది. దాని ప్రకారం మొదటిదానికి సుమారు 35, రెండోదానికి 24. అంకె పెద్దదైన కొద్దీ కదలిక మెల్లగా ఉంటుంది. సముద్రం పడనివాళ్లు ఇంట్లో ఉంటే ఈ అంకెను తేలిగ్గా తీసుకోకండి.

ఇక తిరగబడే భయం. 1979 ఫాస్ట్‌నెట్ రేసులో తుఫాను 15 మంది పోటీదారుల ప్రాణాలు తీసింది. ఆ తరువాత జరిగిన పరిశీలనల్లోంచి ఒక చిన్న సూత్రం వచ్చింది. వెడల్పును తెరచాపల లెక్కలో తీసిన ఘనమూలంతో భాగించాలి. ఫలితం 2 కంటే తక్కువుంటే మహాసముద్రానికి పనికొస్తుందని దాని భావం. మొదటిదానికి 1.68, రెండోదానికి సరిగ్గా 2 అంచున. అయితే ఈ సూత్రానికి బరువు ఎక్కడుందో తెలియదు. బల్లాస్ట్ మొత్తం మాస్ట్, అంటే తెరచాప స్తంభం కొసకు కట్టినా అదే అంకె వస్తుంది. అందుకని దీన్ని వడపోతకే వాడండి, తీర్పుకు వద్దు. అసలు అడగాల్సింది, పడవ ఎన్ని డిగ్రీలు ఒరిగేదాకా తిరిగి లేస్తుందో చూపే స్టెబిలిటీ గ్రాఫ్. దూర సముద్రానికి 120 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలని చాలామంది కోరుకుంటారు. రెండో పడవ 2003 నాటిది కాబట్టి, యూరప్ మార్కెట్ కోసం కట్టిందైతే కాక్‌పిట్ దగ్గర యూరప్ ప్రమాణాలకు సరిపోతుందని చెప్పే సీఈ ప్లేటు ఉంటుంది. అందులో 'A' అక్షరం కేటగిరీ అంటే బ్యూఫోర్ట్ గాలి కొలతలో 8ని మించిన గాలి, 4 మీటర్లు దాటే అలలను దృష్టిలో పెట్టుకుని కట్టినది. 'B' అంటే ఆ రెండు హద్దుల లోపలే. 'B' పడవతో మహాసముద్రం దాటకూడదని కాదు, దాటినవాళ్లున్నారు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ ఆ అక్షరాన్ని చదువుతుంది.

అంకెల పని ఇంతే. ఇక పడవ ఎక్కాలి.

మొదటి పడవలో అన్నిటికంటే ముందు డెక్ చూడాలి. ఆ కాలంలో టేకు పలకల్ని వందలకొద్దీ స్క్రూలతో బిగించేవారు. ఒక్కో స్క్రూ ఫైబర్‌గ్లాస్ పైపొరను దాటి లోపలున్న బాల్సా చెక్కలోకి దిగుతుంది. పలకల మధ్య నల్లటి రబ్బరు ఊడితే, స్క్రూ మీది చెక్క బిరడా లేచిపోతే, అక్కడి నుంచి నీళ్లు నేరుగా బాల్సాలోకి పోతాయి. ఏళ్లు గడిచేసరికి చెక్క నాని గుజ్జవుతుంది. పైనుంచి ఏమీ కనబడదు. కాలితో తొక్కితే మెత్తగా దిగుతోందా, కింద నుంచి స్టాంషన్ల, అంటే డెక్ అంచు కమ్మీల నిలువు కడ్డీల దగ్గర గోధుమరంగు చారలు ఉన్నాయా చూడండి. పలక మందం అంచుల దగ్గర కొలవండి. కొత్తలో 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండాల్సింది 6కు దిగితే బిరడాలకు పట్టు ఉండదు, మళ్లీ మళ్లీ ఊడతాయి. టేకంతా తీసి, నానిన చోట పైపొర కోసి కొత్త కోర్, అంటే లోపలి చెక్క, వేసి మూయడమంటే యార్డులో నెలల పని. ఇంత వయసు పడవకు ఆ పని ఖర్చు కొన్న ధరతో పోటీ పడొచ్చు. అందుకే మా సలహా మొహమాటం లేకుండా చెబుతాం: మొదటి పడవ డెక్ విస్తారంగా నానిందని తేలితే, ధర ఎంత తగ్గించినా వదిలేయండి.

తరువాత చైన్‌ప్లేట్లు, అంటే మాస్ట్‌ను పట్టి ఉంచే తీగలు పడవకు తగిలే స్టీలు పట్టీలు. డెక్‌ను దాటి కిందికి దిగే చోట, గాలి తగలని తడిలో, స్టెయిన్‌లెస్ స్టీలు కూడా సన్నటి పగుళ్లుగా తినుకుపోతుంది. పైనా కిందా మెరుస్తూనే ఉంటుంది, మధ్యలో తెగడానికి సిద్ధంగా ఉంటుంది. అవి బిగించిన ప్లైవుడ్ గోడ మీద మరక ఉందంటే నీళ్లు దిగుతున్నట్టే. ఒక్కటైనా ఊడదీసి చూడనివ్వమని అడగండి. నాలుగు దశాబ్దాలు దాటిన పడవలో వాటిని ఎప్పుడూ మార్చలేదని తెలిస్తే ఊడదీయాల్సిన పనే లేదు, కొత్తవాటి ఖర్చు రాసేసుకోండి.

కీల్ విషయంలో మొదటి పడవకు ఒక నిశ్చింత ఉంది, ఊడిపోయే బోల్టులే లేవు. కానీ లోపలున్నది సీసమా, ఇనుమా కనుక్కోవాలి. నేలకు తగిలి అడుగున ఫైబర్‌గ్లాస్ పగిలిందంటే నీళ్లు లోపలికి పోతాయి. సీసానికి ఏమీ కాదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, తన చుట్టూ ఉన్న పొరను లోపలి నుంచి చీలుస్తుంది. కీల్ అడుగంతా ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచిది, బోలుగా డబ్ అంటే అక్కడ ఖాళీ ఉంది. ఇంధనం ట్యాంకు కూడా చూడండి. పాత స్టీలు ట్యాంకులు అడుగున తుప్పు పడతాయి. ఇంజన్ బయటికి లాగకుండా ట్యాంకు బయటికి వస్తుందా అనేది అసలు ప్రశ్న.

రెండో పడవలో కళ్లన్నీ కీల్ అతుకు మీద ఉండాలి. పడవను నీళ్లలోంచి పైకెత్తించి, కీల్ హల్‌ను, అంటే పడవ ఒంటిని, కలిసే గీత చుట్టూ నడవండి. గీత ముందు కొసలో నవ్వుతున్నట్టుగా వంకర పగులు ఉంటే, బోల్టులు సడలాయనో, కీల్ ఎప్పుడో దేనికో తగిలిందనో అనుమానించాలి. తుప్పు నీళ్లు కారుతుంటే అది ఇంకా బలపడుతుంది. అసలు సాక్ష్యం లోపల, కీల్ వెనక అంచు పైన దొరుకుతుంది. పడవ నేలకు కొట్టుకున్నప్పుడు కీల్ ముందుభాగం కిందికి లాగుతుంది, వెనకభాగం హల్‌ను పైకి పొడుస్తుంది. ఈ తరం పడవల్లో అడుగుకు బలాన్నిచ్చే ఫైబర్‌గ్లాస్ చట్రాన్ని విడిగా పోతపోసి, హల్‌కు జిగురుతో అతికిస్తారు. దెబ్బ తగిలితే ఆ జిగురు వదులుతుంది, చట్రం మూలల్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. నేలపలకలన్నీ ఎత్తి, చట్రం ప్రతి గదినీ టార్చితో చూసి, తట్టి చూడండి. కొత్తగా రంగు వేసిన చోటు కనిపిస్తే ఎందుకు వేశారని అడగండి.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2014 మేలో చీకీ రఫీకీ అనే పడవ ఉత్తర అట్లాంటిక్‌లో కీల్ ఊడి తిరగబడింది. నలుగురు గల్లంతయ్యారు. అంతకుముందు నేలకు తగిలిన సందర్భాలు, వాటికి చేసిన మరమ్మతులు చట్రానికీ హల్‌కూ మధ్య పట్టును బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ నివేదికలో రాసింది. బోల్టుల కీల్ చెడ్డదని దీనర్థం కాదు. ప్రపంచంలో తిరిగే క్రూజింగ్ పడవల్లో చాలా భాగం వాటిమీదే నడుస్తున్నాయి. కాకపోతే దాని చరిత్ర తెలియాలి. 'ఈ పడవ ఎప్పుడైనా నేలకు తగిలిందా, తగిలితే ఎవరు బాగుచేశారు' అని రాతపూర్వకంగా అడగండి.

చుక్కాని కూడా రెండోదానిలో పూర్తిగా వేలాడేదే అయి ఉంటుంది. లోపల ఫోమ్, మధ్యలో స్టీలు ఇరుసు, దానికి వెల్డు చేసిన పట్టీలు. పడవ పైకెత్తి రెండు రోజులైనా చుక్కాని అడుగు నుంచి చెమ్మ ఊరుతుంటే లోపలికి నీళ్లు పోయినట్టు. చుక్కాని కొసను చేత్తో ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊపండి. కాస్త కదలిక సహజం, టకటకమంటే బేరింగులు అరిగాయి. ఇంకొకరిని స్టీరింగ్ చక్రం పట్టుకోమని చెప్పి చుక్కానిని తిప్పిచూడండి. చక్రం కదలకుండా చుక్కాని మాత్రం తిరిగితే ఆలోచించాల్సిన సంగతి.

సెయిల్‌డ్రైవ్‌కు హల్‌లో పెద్ద రంధ్రం ఉంటుంది. దాన్ని మూసేది ఒక రబ్బరు డయాఫ్రమ్. వోల్వో పెంటా దాన్ని ఏడేళ్లకోసారి మార్చమంటుంది. మార్చాలంటే ఇంజన్‌ను ముందుకు జరపాలి, కాబట్టి రబ్బరు ధర కంటే కూలీ చాలా ఎక్కువ. చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు చూపమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. డ్రైవ్ కాలు అల్యూమినియం కాబట్టి దాని జింక్ ఆనోడ్ ఎంత మిగిలిందో, రంగు పొంగిన చోట తెల్లటి పొడి ఉందో లేదో చూడండి. నూనె పాలలా ఉంటే ప్రొపెల్లర్ ఇరుసు సీల్ పోయింది.

హల్ కింద నీళ్లు వచ్చే వాల్వులు, అంటే సీకాక్‌లు, రెండు పడవల్లోనూ ఒక్కొక్కటి తిప్పి చూడాలి. మామూలు ఇత్తడివైతే ఉప్పునీళ్లలో అందులోని జింక్ కరిగిపోయి, గులాబీరంగు రాగి పొడి మిగులుతుంది. కొద్దిగా గీకితే తెలిసిపోతుంది. బిగుసుకుపోయిన వాల్వు కంటే చేత్తో పట్టుకుంటే విరిగే వాల్వు ప్రమాదకరం. పరీక్ష పడవ నీళ్లలో ఉన్నప్పుడు కాకుండా ఒడ్డున ఉన్నప్పుడు చేయండి.

చివరికి ధరలు. రెండు పడవలనూ 'బయల్దేరడానికి సిద్ధం' అనే ఒకే మెట్టుకు తెచ్చి పోల్చాలి. ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. అడిగే ధర, వెళ్లేముందు చేయక తప్పని పనులు, లేని సామాను, యార్డు అద్దె, ఆ పనులకు పట్టే నెలలు. రిగ్గింగ్, అంటే మాస్ట్ తీగల కొటేషన్, డెక్ కొటేషన్, డయాఫ్రమ్ కొటేషన్ వర్క్‌షాపుల నుంచి రాతలో తీసుకోండి. ఊహించిన అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది. కాగితం నిండాక ఒకటిన్నర రెట్ల తేడా చాలాసార్లు కరిగిపోతుంది. మా మొగ్గు అడిగారు గనక: డెక్ పొడిగా ఉండి, చైన్‌ప్లేట్లకు డబ్బు పెట్టగలిగితే, ఇద్దరే ఉండి మహాసముద్రం దాటాలనుకుంటే మొదటిది. ఎక్కువ కాలం ద్వీపాల మధ్య లంగరు వేసుకుని ఉండాలనుకుంటే, కీల్ చట్రం శుభ్రంగా ఉంటే రెండోది. రెండు షరతులూ తప్పితే మూడో పడవ వెతుక్కోండి.

ప్రశ్న: లోపల విశాలంగా ఉన్న పడవ నాకు నచ్చింది. వెనక డబుల్ బెడ్, పెద్ద సోఫా, వెలుతురు. సముద్రంలో ఇవన్నీ పనికిరావంటున్నారు. నిజమేనా?

జవాబు: లంగరు వేసినప్పుడు పనికొస్తాయి, అక్కడే ఎక్కువ రోజులు గడుస్తాయి కూడా, కాబట్టి వాటిని తీసిపారేయొద్దు. కానీ పడవ 20 డిగ్రీలు ఒరిగి నడుస్తున్నప్పుడు వెడల్పైన మంచం మీద మనిషి దొర్లుతూనే ఉంటాడు. ముందు గదిలోని మంచం మీద ఎగిరిపడతాడు. సముద్రంలో నిద్ర పట్టేది పడవ నడిమధ్యలో, 60 సెంటీమీటర్ల వెడల్పుతో, గుడ్డ అడ్డు కట్టిన సన్నటి బెంచీ మీద. అలాంటి తిన్నటి బెంచీలు రెండు వైపులా ఒక్కొక్కటైనా ఉండాలి. రెండో పడవలాంటివాటిలో సోఫా గుండ్రంగా తిరిగి ఉంటుంది, దాని మీద ఎవరూ కాళ్లు చాపలేరు. వంటగదిలో నిలబడి తుంటి ఆనించుకోవడానికి చోటుందా, సింకు పడవ మధ్యగీతకు దగ్గరగా ఉందా, చేత్తో పట్టుకునే కమ్మీలు తలకు, భుజానికి అందే ఎత్తులో ఉన్నాయా చూడండి. విశాలమైన గదిలో పట్టుకోవడానికేమీ లేకపోతే అల వచ్చినప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడకు పడతారు. 2000ల మొదట్లో కట్టిన మూడు గదుల పడవల్లో చాలా కిరాయికి తిరిగాయి. కిరాయికి తిరిగిందా అని అడగండి. ఇంజన్ గంటలు, నేలకు తగిలిన చరిత్ర రెండూ దాన్నిబట్టే మారతాయి.

ప్రశ్న: ఒక పడవ ఇంజన్ 20 ఏళ్లలో 700 గంటలే తిరిగింది. ఇంకోదానిది 3,800 గంటలు. మొదటిదే మేలు కదా?

జవాబు: అవసరం లేదు. క్రమంగా వాడిన, నూనె వేళకు మార్చిన మెరైన్ డీజిల్ ఇంజన్‌కు 5,000 గంటలు పెద్ద లెక్క కాదు. ఏడాదికి 35 గంటలు మాత్రమే, అదీ రేవు దాటడానికి పది నిమిషాలు నడిపి ఆపేసిన ఇంజన్ లోపల తడి చేరి తుప్పు పడుతుంది. ఎగ్జాస్ట్ వంపులో మసి పేరుకుంటుంది. గంటల కంటే బిల్లులు ముఖ్యం.

వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. ముందే వేడెక్కించి ఉంచితే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం లేదనే అనుమానం రావాలి. స్టార్ట్ అయిన నిమిషంలోపు వెనక గొట్టం నుంచి నీళ్లు రావాలి. తెల్ల పొగ వేడెక్కాక పోతే ఫరవాలేదు. పోకపోతే కంప్రెషన్ గానీ, ఇంజెక్టర్లు గానీ, లోపలికి కారుతున్న నీళ్లు గానీ కారణం. నీలి పొగ ఉంటే నూనె కాలుతోంది. నల్ల పొగ అంటే గాలి చాలట్లేదు లేదా భారం ఎక్కువైంది. తరువాత సముద్రంలో పది నిమిషాలు పూర్తి థ్రాటిల్‌లో నడపండి. ఇంజన్ ప్లేటు మీద 3,600 ఆర్‌పీఎం అని ఉండి 3,100 దగ్గరే ఆగిపోతే నాలుగు కారణాల్లో ఒకటి: ప్రొపెల్లర్‌కు నాచు, పిచ్, అంటే రెక్కల వాలు, ఎక్కువున్న ప్రొపెల్లర్, మసి పట్టిన ఎగ్జాస్ట్ వంపు, బలం తగ్గిన ఇంజన్. మొదటిది గీకితే పోతుంది, చివరిది ఇంజన్ ధర. ఏది నిజమో తేలకుండా సంతకం చేయకండి. ఆ పది నిమిషాల్లో ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుతూనే ఉంటే హీట్ ఎక్స్చేంజర్ మూసుకుపోతోంది.

ప్రశ్న: అడుగున రూపాయి బిళ్లంత బొబ్బలు ఒక ముప్ఫై కనిపించాయి. పొడిస్తే పుల్లటి వాసనతో నీళ్లు వచ్చాయి. పడవ పోయినట్టేనా?

జవాబు: పోలేదు. అది ఆస్మాసిస్. నీళ్లు హల్ పైపూతైన జెల్‌కోట్ దాటి లోపలికి ఇంకి, రెసిన్‌లో సరిగ్గా గట్టిపడని పదార్థాలతో కలిసి ఆమ్ల ద్రవమై పొంగుతుంది. దానివల్ల మునిగిన పడవ దాదాపు ఉండదు. ముప్ఫై బొబ్బలైతే ఒక్కొక్కటి గీకి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి ఎపాక్సీతో నింపితే చాలు. గీకినప్పుడు అడుగున గాజు పొరలు విడిపోయి పీచులు కనబడితే మాత్రం లోతు ఎంతో పడవలు పరీక్షించే సర్వేయర్‌తో చూపించండి. హల్ అంతటా వందలకొద్దీ ఉంటే జెల్‌కోట్ మొత్తం చెక్కి, నెలలు ఆరబెట్టి, ఎపాక్సీ పొరలు వేయాలి. తొందరపడి తడి మీదే పూత వేస్తే అవే బొబ్బలు మళ్లీ వస్తాయి. బొబ్బలు బేరానికి బాగా పనికొస్తాయి.

ప్రశ్న: తేమ మీటర్ పెడితే డెక్ మీద ఎర్రగీత దాటింది. అమ్మేవారు 'నిన్న వాన పడింది' అన్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరినీ వెంటనే నమ్మొద్దు. మీటర్ నేరుగా నీటిని కొలవదు, పదార్థంలో విద్యుత్ లక్షణం మారడాన్ని చూపుతుంది. ఉపరితలం తడి, ఉప్పు, లోపలున్న లోహం, డెక్ వెనక నీటి ట్యాంకు, రాగి ఉన్న అడుగు రంగు, అన్నీ అంకెను పెంచుతాయి. కాబట్టి ఒక్క అంకె కాదు, ఆ చోటుకీ పది అడుగుల అవతల చోటుకీ తేడా చూడాలి. తేడా ఉన్న చోటే సుత్తి శబ్దం కూడా మొద్దుబారితే అనుమానం గట్టిది. యజమాని ఒప్పుకుంటే లోపలి వైపు నుంచి 5 మిల్లీమీటర్ల డ్రిల్‌తో ఒక్క రంధ్రం వేసి, వచ్చిన పొట్టు చూడండి. లేత రంగులో పొడిగా రాలితే కోర్ బాగుంది. గోధుమరంగు ముద్దగా డ్రిల్‌కు అంటుకుంటే కుళ్లింది. రంధ్రాన్ని ఎపాక్సీతో నింపేయాలి. ఒప్పుకోని యజమాని ఎందుకు ఒప్పుకోలేదో ఆలోచించుకోండి.

ప్రశ్న: రిగ్గింగ్ 'చూడ్డానికి బాగానే ఉంది' అన్నారు. వయసు మాత్రం చెప్పలేకపోయారు.

జవాబు: వయసు తెలియని తీగలను పాతవిగానే లెక్కించండి. స్టెయిన్‌లెస్ తీగలకు 10 నుంచి 15 ఏళ్లు సాధారణంగా చెప్పే హద్దు. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ పదేళ్ల దగ్గరే అడగడం మొదలుపెడతాయి. కింది కొసలే ముందు పోతాయి, ఎందుకంటే తీగ వెంట జారిన నీళ్లు అక్కడి గొట్టంలో నిలుస్తాయి. భూతద్దంతో గొట్టం మీద నిలువు పగులు, తీగ లోపలికి దూరే చోట తెగిన పోగు వెతకండి. గుడ్డతో తుడిస్తే దారాలు చిక్కుకుంటే పోగులు తెగినట్టే. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాలి, జంటది కూడా మార్చాలి. మాస్ట్ పైకి రిగ్గర్‌ను ఎక్కించే ఖర్చు సర్వే ఖర్చులో కలవదని గుర్తుంచుకోండి. మామూలు సర్వేయర్ డెక్ మీద నుంచే పైకి చూస్తాడు, ఇంజన్ విప్పడు.

ప్రశ్న: రెండు పడవలకూ సర్వే చేయించాలా? ఏ క్రమంలో వెళ్లాలి?

జవాబు: రెండింటికీ డబ్బు పెట్టొద్దు. ముందు పైన చెప్పినవన్నీ మీరే ఒక రోజంతా చూసి ఒకదాన్ని తీసేయండి. టార్చి, చిన్న అద్దం, ప్లాస్టిక్ సుత్తి, అయస్కాంతం, మాసినా ఫరవాలేదనిపించే బట్టలు చాలు. మిగిలినదానికి రాతపూర్వకంగా ధర చెప్పండి, అందులో 'సర్వేకూ, సముద్రంలో నడిపి చూడడానికీ లోబడి' అనే షరతు ఉండాలి. అడ్వాన్సు సాధారణంగా 10 శాతం. అది యజమాని జేబులోకి కాకుండా బ్రోకర్ దగ్గర విడిగా ఉంచే ఖాతాలోకి వెళ్లాలి. ఎలాంటి లోపం తేలితే అడ్వాన్సు పూర్తిగా వెనక్కిస్తారో అందులోనే రాయించుకోండి. సర్వేయర్‌ను మీరే ఎంచుకోండి, అమ్మించేవారు చెప్పిన మనిషి వద్దు. ఆయన నివేదికను ఒప్పుకుంటారా అని ఇన్సూరెన్స్‌వారిని ముందే అడగండి.

సముద్రంలో నడిపే రోజు గాలి 15 నాట్లన్నా ఉంటే మంచిది. రెండు వైపులా గాలికి ఎదురుగా నడిపి, ఎన్ని డిగ్రీల్లో మలుపు తిరుగుతోందో దిక్సూచిలో చూడండి. క్రూజింగ్ పడవకు 90 నుంచి 100 డిగ్రీలు మామూలు, 110 దాటితే తెరచాపలు సాగాయో, అడుగు మాసిందో తెలుసుకోవాలి. బాగా ఒరిగినప్పుడు గాలి దిగువ వైపు తీగలు వదులుగా వేలాడకూడదు. ఎవరో ఒకరు లోపలికి దిగి, బిల్జ్‌లో, అంటే పడవ అడుగు గుంటలో, కొత్త నీళ్లు వస్తున్నాయా, తలుపులు బిగుసుకుంటున్నాయా చూడాలి. ఒరిగినప్పుడే తలుపు పట్టేస్తుంటే హల్ వంగుతోందన్నమాట. రేవులోకి వచ్చాక రివర్స్ కొట్టండి. లాంగ్ కీల్ పడవ వెనక్కి తిన్నగా రాదు, ఒక పక్కకు లాగుతుంది. అది లోపం కాదు, దాని స్వభావం. ఇరుకు మెరీనాల్లోనే ఎక్కువగా ఉండబోతుంటే ఆ స్వభావంతో రోజూ బతకగలరో లేదో ఆ సాయంత్రమే తేల్చుకోండి.

కాగితాల్లో అమ్మకపు పత్రాల గొలుసు తెగకుండా ఉండాలి. హల్ మీద చెక్కిన గుర్తింపు సంఖ్య, ఇంజన్ నంబరు పత్రాల్లోవాటితో అక్షరం అక్షరం కలవాలి. పడవ మీద అప్పు లేదని, పన్ను కట్టారని రుజువు చూడాలి. వాటిలో ఒక్కటి లేకపోయినా మిగతా డబ్బు ఆపండి.